లసుంబాయి స్టీలు బిందె

మొన్న పసుపు పట్టించడానికి గంగుతో కలిసి ఆర్మూర్ వెళ్లాను. గంగు మా వెనక ఇంటి మనిషి, బీడీలు చుడుతుంది, నాకన్నా పదేళ్లు చిన్న. గిర్నీ ముందు మా వంతు కోసం సంచుల మీద కూర్చున్నాం. లోపల కొత్త పసుపు నలుగుతోంది, ఆ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. రోడ్డుకు అవతల మాంసం కొట్టు దగ్గర ఒకతను మేక తలకాయలు మంట మీద కాలుస్తున్నాడు. గాలి ఇటు తిరిగింది. కాలిన వెంట్రుకల వాసన, కొత్త పసుపు వాసన రెండూ కలిసి ముక్కుకు తగిలాయి. పక్కనున్న వాళ్లంతా కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఈ రెండు వాసనలూ కలిస్తే నాకు అడవిపంది గుర్తొస్తుంది. అడవిపంది గుర్తొస్తే లసుంబాయి గుర్తొస్తుంది. ఆమె గుర్తొస్తే ఇన్నేళ్ల తర్వాత కూడా కడుపులో ఒక మూల చురుక్కుమంటుంది.

ముందే చెప్పేస్తాను. ఆమె నాకు చుట్టం కాదు, శత్రువూ కాదు, మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేది. పదకొండేళ్లు ఆమెను చూసి కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఇవాళ నాకు చేతనైన పనుల్లో సగం ఆమెను చూసి, ఆమెను మించాలని నేర్చుకున్నవే. మంచి గురువు దొరికితే శిష్యులు దండం పెడతారట. నేను పళ్లు కొరుక్కుంటూ నేర్చుకున్నాను.

మాది ఆలూర్ వైపు ఒక చిన్న ఊరు. వానకాలం పసుపు చేనులో మక్కజొన్న, యాసంగిలో ఎర్రజొన్న. నేను కోడలిగా వచ్చిన మొదటి ఏడు మక్క పాలు పట్టే వేళకు గుట్ట మీది నుంచి పందులు దిగాయి. అవి తిన్నది తక్కువ, తొక్కి పడేసింది ఎక్కువ. పొద్దున్నే మా మామగారు చేను చూసి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూర్చుండిపోయారు. ఆ మరుసటి రోజే వేట పెట్టారు. అడవిపందిని కొడితే కేసవుతుందని ఊరిలో తెలియని వాళ్లు లేరు. కానీ పంట పోయిన కోపం ముందు ఆ భయం నిలవలేదు. తప్పా ఒప్పా అని ఇప్పుడు వాదించను. అప్పుడు జరిగింది చెబుతున్నాను.

వేట పట్టపగలే. మగవాళ్లు ఒక పక్క వలలు కట్టి, బరిసెలు పట్టుకుని నిలబడేవారు. ఆడవాళ్లం రెండో పక్క గట్ల మీద వరుసగా నిలబడి పళ్లేలూ డబ్బాలూ వాయిస్తూ, కుక్కలను ఉసిగొల్పుతూ చేనులోకి నడిచేవాళ్లం. ఎటు నుంచి వాయించాలో, వల ఎటు కట్టాలో చెప్పేది లసుంబాయి. ఒండ్రులో దిగబడిన అడుగు పక్కన గొంతుక్కూర్చుని, అందులో రెండు వేళ్లు పెట్టి చూసేది. "ఇది పొద్దుగాలది. పిల్లల తల్లి. దీన్ని ఇడిసిపెట్టుండ్రి. ఒంటిగాడు గా మూలకు పండుకున్నడు" అనేది. ఆమె చెప్పిన మూలలోనే మగపంది ఉండేది. మా ఆయన బరిసె మంచిగా వేస్తాడని ఊరంతా అనేది. ఆయన మాత్రం ఇంటికి వచ్చి, "లసుమక్క చెప్పిన జాగల నిలవడ్డ, గంతే" అనేవాడు. నేను అన్నం వడ్డిస్తూ వినేదాన్ని. కొత్త పెళ్లాం ముందు మొగుడు ఇంకో ఆడమనిషి తెలివిని మెచ్చుకుంటే ఆ కూర ఎవరికి రుచిస్తుంది?

అప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. సన్నగా, కాస్త వంగిన నడక. భర్త దుబాయిలో ఉండి మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి వచ్చేవాడు. ఉన్నది పావెకరం చేను, మిగతా రోజంతా అరుగు మీద చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టేది. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా ఆమె అరుగు మీదికే చేరేవారు. ఎవరింట్లో ఏం వండారో, ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో, ఎవరికి నెల తప్పిందో, అన్నీ ఆ తునికాకుల మధ్యే తేలేవి. ఆమె మాత్రం పెద్దగా మాట్లాడేది కాదు. వినేది.

పందిని కొట్టాక కళ్లానికి మోసుకొచ్చేవారు. ఎండిన జొన్నచొప్ప వేసి కాల్చి, కత్తితో గీకి, ఒంటినిండా పసుపు పట్టించి మళ్లీ కాల్చేవారు. నేను చెప్పిన వాసన అదే. తర్వాత కోసి, వేటకు మనిషిని పంపిన ఇంటికి ఒక పోగు చొప్పున టేకు ఆకుల మీద పోగులు వేసేవారు. మాంసం, కొవ్వు, ఎముక అన్నిటిలో సమానంగా వేయొచ్చు. కార్జం, అదే కాలేయం, ఒక్కటే చిక్కు. పదిహేనిళ్లకు పంచితే వేలెడంత కూడా రాదు. అందుకని దాన్ని ముక్క చేయకుండా ఏదో ఒక పోగు మీద పెట్టేవారు. ఎవరి నసీబు బాగుంటే వారిది. నసీబు మీద ఎవరూ పేచీ పెట్టకుండా ఒక పద్ధతి ఉండేది. పేర్లు చెప్పే మనిషి పోగులకు వీపు పెట్టి కూర్చోవాలి. వెనక ఒకరు కట్టెతో ఏదో ఒక పోగును తాకి "గిదెవలిది?" అనాలి. కూర్చున్న మనిషి చూడకుండా ఒక ఇంటి పేరు చెప్పాలి. చెప్పిన పేరుకు తిరుగు లేదు.

కట్టె పట్టేది సాయన్న మామ, ఊరిలో అందరికన్నా పెద్ద. పేర్లు చెప్పేది లసుంబాయి. ముందు ఆమె మామగారు చెప్పేవాడట. ఆయన పోయాక ఏ మగవాడిని కూర్చోబెట్టినా ఇంకొకడు ఒప్పుకోలేదు. చివరికి, ఇంట్లో మగదిక్కు లేదు గనుక ఏ పక్షమూ ఉండదని ఈమెను కూర్చోబెట్టారు. ఆమె ఇంటి నుంచి స్టీలు బిందెతో నీళ్లు తెచ్చుకునేది, మధ్యలో దాహమైతే తాగడానికి, అయిపోయాక అందరూ చేతులు కడుక్కోవడానికి. దాన్ని ఎదురుగా గట్టు మీద పెట్టుకుని, కింద బండ మీద కూర్చుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని, మెల్లగా ఒక్కొక్క ఇంటి పేరు చెప్పేది. తన పేరు ఎప్పుడూ చెప్పుకునేది కాదు. అందరిదీ అయిపోయాక మిగిలిన పోగే ఆమెది. అందులో సాధారణంగా మెడ ఎముకలూ తోలూ ఉండేవి.

ఆ బిందె మీద కూడా నాకు కడుపుమంట. వేట ఉన్న రోజు ఆమె తెల్లవారుతూనే బోరింగు దగ్గర కూర్చుని బూడిదతో దాన్ని తోమి తోమి పెట్టేది. మా అత్తగారు నన్ను పిలిచి, "లసుం బిందె చూడు పద్మా, మొకం కనవడ్తది. మనింట్ల గిన్నెలు చూస్తె మనకే మనం కనవడం" అంది ఒకసారి. ఆ మాట నన్ను ఎంత పొడిచిందంటే, ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెనూ బయట వేసుకుని అరచేతులు మండేదాకా తోమాను. మా అత్తగారు వచ్చి చూసి, "మంచిగయినయ్" అంది. లసుంబాయి బిందె లాగా ఉన్నాయని మాత్రం అనలేదు.

వంట దగ్గరా అంతే. పంది కూర మా వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, దానికోసమే వేరుగా ఉంచిన కుండలో వండాలి. మొదటిసారి నేను మామూలు మాంసంలాగా నీళ్లు పోసి ఉడకబెట్టాను. కొవ్వంతా పైకి తేలి, ముక్క తాడులాగా సాగింది. ఆ వాసనకు మూడిళ్ల అవతల నుంచి లసుంబాయి వచ్చింది. కుండలో గరిటె పెట్టి చూసింది. తన పోగులోంచి కొంచెం కొవ్వు తెచ్చి ఇంకో మూకుట్లో వేసి, అది కరిగాక వెల్లుల్లి, దంచిన పచ్చి పసుపుకొమ్ము, ఎర్రకారం వేసింది. నా ముక్కల నీళ్లు పిండేసి అందులో వేసి, "నీళ్లు పొయ్యకు చెల్లె. దాని కొవ్వుల అదే ఉడుకుతది. మంట తక్కువ పెట్టి కూసో" అని వెళ్లిపోయింది. మా ఆయన ఆ రోజు మూడుసార్లు పెట్టించుకుని తిన్నాడు. నేనే వండానని అనుకున్నాడు. నేనూ కాదనలేదు. ఇప్పటికీ అలాగే వండుతాను. పొయ్యి ముందు కూర్చున్నంతసేపూ ఆమె మీద కోపంగానే ఉండేది.

నా రెండో కాన్పు కష్టమైంది. రక్తం బాగా పోయింది, లేచి నడిస్తే కళ్లు తిరిగేవి. ఆ ఏడు వరుసగా రెండు వేటల్లో కార్జం మా పోగు మీదికే వచ్చింది. మా అత్తగారు దాన్ని మిరియాలు వేసి వేయించి నా ఒక్కదానికే పెట్టింది. నాకెంత సంతోషమో! నా నసీబు తిరిగిందనుకున్నాను. అరుగు మీద బీడీలు చుడుతున్న లసుంబాయి ముందు నుంచి పోతూ, కావాలనే నిలబడి, "ఈసారి కూడా మాకే వచ్చిందక్కా" అని చెప్పాను. ఆమెకు ఎన్నడూ రాలేదని నాకు తెలుసు. గుచ్చాలనే చెప్పాను. ఆమె తలెత్తి నా మొహం, నా కళ్ల కింద చర్మం కాసేపు చూసింది. "తిను. రక్తం పడ్తది" అని మళ్లీ ఆకు కత్తిరించుకుంది.

తర్వాత ఏళ్లు గడిచాయి. కార్జం మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆ సంగతి నేను ప్రతి వేటకూ లెక్కపెట్టుకునేదాన్ని. పైకి చెప్పుకుంటే సిగ్గు గనుక లోపలే కుమిలేదాన్ని. పదకొండో ఏట, ఎర్రజొన్న గింజ గట్టిపడే రోజుల్లో, వరుసగా రెండుసార్లు గంగు ఇంటికి పోయింది. గంగు అప్పుడే కాన్పై దవాఖాన నుంచి వచ్చి ఉంది. నాకు అది గుర్తు రాలేదు. మా ఆయన బరిసె వేసి కొట్టిన పంది, కార్జం గంగు ఇంటికా అన్నదొక్కటే నా తలలో తిరిగింది. ఆ రెండోసారి పోగులు పంచడం అయిపోయాక, ఒళ్లు మండిపోతూ వెళ్లి, లసుంబాయి లేచిన బండ మీద కూలబడ్డాను. చేతులు కడుక్కుందామని బిందె వైపు చూశాను. బిందె పొట్టలో నా మొహం కనిపించింది. మొహం పక్కన, చిన్నగా, కాస్త వంకరగా, నా వెనకున్న కళ్లమంతా కనిపించింది. మా అత్తగారు వంగి టేకు ఆకు మడతపెడుతోంది. సాయన్న మామ తెల్ల ధోవతి, చేతిలో కట్టె. ఇంకా తీయని నాలుగు పోగులు, ఏది ఎంతో, దేని మీద ఏముందో తెలిసేంత స్పష్టంగా ఉన్నాయి.

చేతులు కడుక్కోకుండానే లేచాను. నిజం చెప్పాలంటే, నాకు కోపం రాలేదు. పండగలాగా అనిపించింది. పదకొండేళ్లుగా ఊరంతా నెత్తిన పెట్టుకున్న మనిషి గుట్టు నా చేతికి చిక్కింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే ఆపుతాడని తెలుసు. మళ్లీ వేట పడేదాకా దాన్ని లోపలే దాచుకుని, నోట్లో బెల్లంముక్కలాగా చప్పరించాను.

మళ్లీ వేట ఎర్రజొన్న కోతల ముందు పడింది. పోగులు వేశారు. లసుంబాయి కూర్చుంది. సాయన్న మామ కట్టె ఎత్తాడు. నేను అందరి మధ్య నుంచి నడిచి వెళ్లి, చేతిలోని గోనెసంచి తీసి ఆమె ముందున్న బిందె మీద కప్పాను. "ఇప్పుడు చెప్పుమను పేర్లు" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. సాయన్న మామ ఏందమ్మా అని అడిగాడు. సంచి తీసి, నువ్వే కూర్చుని చూడు మామా అన్నాను. లసుంబాయి లేచి పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది. ముసలాయన బండ మీద కూర్చుని, కళ్లు చికిలించి, చాలాసేపు బిందెలోకి చూశాడు. లేచేటప్పుడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎంతో కష్టంగా లేచాడు.

"లసుం, గిట్ల చూసినవా?" అన్నాడు.

"చూసిన."

"ఎప్పటి సంది?"

"మొదటి సంది."

అంతకు మించి ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. ఆమె ఏడుస్తుందని, తిడుతుందని, కాదని ఒట్టు వేస్తుందని నేను ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో! ఆమె బిందె ఎత్తి, నీళ్లు గట్టు పక్కన పారబోసి, చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. తన పోగు కూడా తీసుకోలేదు. ఆమెను దొంగ అని ఎవరో అన్నారు. ఇంకెవరో ఊరుకోమన్నారు. ఆ రోజు చీట్లు రాసి తీశారు. కార్జం మా ఇంటికి వచ్చింది.

ఇల్లు చేరాక పెరట్లో పొయ్యి పెట్టి, మిరియాలు వేసి వేయించాను. ఎప్పుడూ పళ్లెం ముందు హుషారుగా కూర్చునే మా ఆయన ఆకలి లేదని చేనుకు పోయాడు. మా అత్తగారు అన్నంలో సల్ల పోసుకుంది. పెట్టమంటావా అంటే వద్దంది. కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "సాయన్న కోడలుకు పచ్చకామెర్లయి లేశిన ఏడు ఆళ్లకొచ్చింది. కింది వాడ రాజుకు బండి గుద్ది ఆర్నెల్లు పండుకున్నప్పుడు ఆనికొచ్చింది. నువ్వు కాన్పుల పండుకున్న ఏడు మనకు రెండు మాట్ల వచ్చింది. మొన్న గంగుకు." అన్నం కలుపుతున్న చేయి ఆగింది. "లసుం ఇంటికి ఎన్నడన్న పోయిందా పద్మా?"

పోలేదు. ఆ జవాబు నాకు అందరికన్నా బాగా తెలుసు, పదకొండేళ్లు లెక్కపెట్టింది నేనే కదా. నా ముందు పళ్లెంలో కార్జం చల్లారుతోంది. పారేయలేదు, గంగుకూ పంపలేదు. పంపితే ఓడిపోయినట్టని తినేశాను. రుచిగానే ఉంది. గొంతు దిగలేదని చెబితే బాగుంటుంది గానీ అది అబద్ధం. బాగానే దిగింది. ఇప్పటికీ నాకు అదే బాధ.

మరుసటి వేటకు పేర్లు ఎవరు చెప్పాలన్న మాట వచ్చింది. సాయన్న మామ నా వైపు చూడకుండానే, "పట్టినోళ్లే కూసోవాలె. పద్మ చెప్తది" అన్నాడు. అది గౌరవమో శిక్షో నాకు తెలియలేదు. ఆ బండ మీద కూర్చోవాలని ఎన్నేళ్లు కోరుకున్నాను! మా ఇంటి బిందె తెచ్చి గట్టు మీద పెట్టాను, నేనే దాని మీద గోనెసంచి కప్పాను. గిదెవలిది అన్నప్పుడల్లా నోటికొచ్చిన పేరు చెప్పాను. కార్జం ఒకసారి, వేటకు జీతగాడిని పంపి తాము పట్నంలో కొడుకుల దగ్గరికి పోయి తాళం వేసి ఉన్న ఇంటికి వచ్చింది. ఇంకోసారి, మాంసమే తినని ముసలమ్మకు వచ్చింది. ఎవరూ పేచీ పెట్టలేదు. పోగులు తీసుకుని, మునుపటిలాగా నిలబడి ముచ్చట పెట్టకుండా, ఎవరి దారిన వాళ్లు పోయారు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం లసుంబాయి అరుగు దగ్గరికి వెళ్లాను. ఆమె చుట్టూ ఎవరూ లేరు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చెప్పులు విడిచి నిలబడ్డాను. కూర్చోమని చాపను కొంచెం జరిపింది. నన్ను తిట్టక్కా అన్నాను. తిట్టడానికేముంది, నువ్వు ఉన్నదే చెప్పినవు అంది. ఆ శాంతం చూసి నాకు మళ్లీ మండింది. ఇంత జరిగినా ఈ మనిషి నాకన్నా ఒక మెట్టు పైనే నిలబడుతుందేమిటి! కనీసం ఆ రోజైనా ఎందుకు చెప్పలేదు, ఎవరికి ఎందుకు ఇచ్చావో చెబితే అందరూ నీ కాళ్లు మొక్కేవాళ్లు కదా అని దబాయించినట్టే అడిగాను.

ఆమె చుట్టిన బీడీ మూతి మడిచి, చాట అంచున పెట్టింది. "కాళ్లు మొక్కుతరనే చెప్పలే. నేనిచ్చిన్నంటే గంగు రేపటి సంది నన్ను చూసి నెత్తి దించుకుంటది. దేవుడిచ్చిండంటే నెత్తెత్తుకోని తింటది. కార్జం అట్ల తింటేనే ఒంటికి పడ్తది చెల్లె."

నేను ఆ అరుగు మీద నుంచి నెత్తి దించుకునే వచ్చాను. ఆ రెండు కార్జాలు నా ఒంట్లో రక్తమై తిరుగుతున్నాయి, ఎవరిచ్చారో నాకు తెలిసిపోయింది. ఆమె నాకు రాకూడదనుకున్న బరువును నేనే తవ్వి నెత్తికెత్తుకున్నాను.

ఆ ఏడు మక్కలో మళ్లీ వేట పడింది. గంగు చంటిపిల్లను చంకనేసుకుని కళ్లం చివర నిలబడి ఉంది. ఆమె చెంపలు ఇంకా లోపలికే ఉన్నాయి. లసుంబాయి కూడా వచ్చింది, అందరిలాగా తన పోగు కోసం, అందరికన్నా వెనక. నేను బండ మీద కూర్చుని బిందె మీద సంచి కప్పాను. సాయన్న మామ కట్టె పట్టుకుని వచ్చి, పోగుల వైపు పోకుండా నా ముందు ఆగాడు. "గీ సంచి జర ఇయ్యమ్మా. కుక్కలకు ఎముకలు ఏసుకపోవాలె" అన్నాడు. ఎముకలకు వేరే సంచి అప్పటికే ఆయన భుజం మీద ఉంది. నా బిందె మీది సంచి తీసి, మడిచి చంకలో పెట్టుకుని, వెనక్కి వెళ్లిపోయాడు. కళ్లంలో అంతమంది ఉన్నారు. ఒక్కరూ దగ్గలేదు, ఒక్కరూ నవ్వలేదు. పక్కవాళ్లతో వానల గురించి మాట్లాడుకుంటున్నారు.

గిదెవలిది అన్న మాట వెనక నుంచి వినిపించింది. బిందెలోకి చూశాను. నా తలకాయ తప్ప ఏమీ కనిపించలేదు. గుడ్డిగా ఒక పేరు చెప్పాను, ఇంకో పేరు చెప్పాను. అప్పుడు ఎవరో నీళ్లు తాగడానికి బిందె దగ్గరికి వచ్చారు. లసుంబాయి. గ్లాసు ముంచుకుని, తాగుతూ, గ్లాసు చాటు నుంచి నాకు మాత్రమే వినపడేలా అంది. "జర ఎడమకు జరుగు. నీ నెత్తి అడ్డమొస్తంది."

జరిగాను. కళ్లమంతా బిందెలోకి వచ్చింది. కార్జం ఉన్న పోగు మీద కట్టె ఆనినప్పుడు, "గంగు ఇల్లు" అన్నాను.

నాలుగేళ్ల తర్వాత లసుంబాయికి జబ్బు చేసింది. నిజామాబాద్ దవాఖానకు తిరిగి తిరిగి, కట్టెపుల్లలాగా అయింది. ఆ చలికాలం జరిగిందే మా ఊరి చివరి వేట. ఆమె కూతురి భుజం పట్టుకుని వచ్చి కళ్లంలో కూర్చుంది. కార్జం మీద కట్టె ఆనింది. "లసుంబాయి ఇల్లు" అన్నాను. సాయన్న మామ గిదెవలిది అనకముందే చెప్పేశాను, అందరికీ తెలిసిపోయి ఉంటుంది. ఆకులో చుట్టిన పోగును కూతురు తెచ్చి ఒళ్లో పెడితే, ఆమె పైన ఉన్న కార్జాన్ని చూసి, అందరికీ వినపడేలా, "గిన్నేండ్లకు నా నసీబు తిరిగింది" అంది. మొహంలో అంత ఆశ్చర్యం, అంత సంబరం! నెత్తెత్తుకుని కూర్చుంది. నా వైపు ఒక్క చూపైనా చూడలేదు. కృతజ్ఞత కోసం కాచుకున్న నా కళ్లు అలాగే ఉండిపోయాయి. ఇవ్వడంలోనే కాదు, తీసుకోవడంలో కూడా ఆమె నాకన్నా గొప్పదని అప్పుడు తెలిసింది. చావుకు దగ్గరైన మనిషిని చూసి కూడా నాకు కుళ్లే పుట్టింది. ఏం చేయను, నా పుట్టుక అలాంటిది. ఎండాకాలం రాకముందే ఆమె పోయింది.

ఇప్పుడు పందులు దిగితే ఊరిలో ఎవరూ బరిసె ముట్టరు. అనుమతి ఉన్న తుపాకీ మనిషి వచ్చి కొడతాడు, కొట్టినదాన్ని గుంట తీసి పాతిపెడతారు. పోగులు మాత్రం ఆగలేదు. ఆదివారాలు నలుగురం కలిసి యాటను, మేకనో గొర్రెనో, కోసుకుంటాం, కార్జం ఎప్పటిలాగే ఒక్కటే ఉంటుంది. తెల్లవారుతూనే బోరింగు దగ్గర బిందె తోముతాను. బండ మీద కూర్చోగానే నా ఒళ్లు దానంతటదే ఎడమకు జరుగుతుంది. పేరు చెప్పిన ప్రతిసారీ, నేనే ఇచ్చానని చెప్పుకోవాలని నాలుక దురద పెడుతుంది. లసుంబాయికి ఆ దురద ఉండేదో లేదో అడగలేకపోయాను. ఉండేది కాదేమోనన్న అనుమానమే నన్ను తింటుంది.

గిర్నీ ముందు గాలి మళ్లీ అటు తిరిగింది. నేను మాంసం కొట్టు వైపే చూస్తుండడం గంగు గమనించింది. పసుపు పొడి పడిన చేతులు దులుపుకుంటూ, "నా పెద్దపిల్ల చంకల ఉన్న ఏడు, నువ్వు పేర్లు చెప్పంగ నాకు పంది కార్జం వచ్చింది, యాదికున్నదా అక్కా? గది తిన్నంకనే నేను లేశి తిరిగిన" అంది. సాయన్న మామ సంచి తీసిన రోజు ఆమె కూడా అక్కడే నిలబడి ఉంది.

నా నాలుక చివర దాకా వచ్చింది. ఇన్నేళ్లకు ఒక్కసారి చెప్పుకుంటే ఏం పోతుంది అనిపించింది. గంగు నా మొహంలోకి చూస్తోంది, నెత్తెత్తుకునే.

"నీ నసీబు గంగూ" అన్నాను. "దేవుడిచ్చిండు."

"అవునక్కా" అంది గంగు. మా వంతు రాగానే ఇద్దరం లేచి, చెరో కొస పట్టుకుని పసుపు సంచి లోపలికి మోసుకెళ్లాం.